బల్ల పక్కన మోకాళ్ళకు చోటు

రిటైరైన తర్వాత నా కోసం నేను కొనుక్కున్న మొదటి పెద్ద వస్తువు ఒక బల్ల. పటాన్‌చెరులో హైవే పక్కనున్న ఫర్నిచర్ షాపాయన దాన్ని చూపించి, "ఇంట్ల కూసోని ఆఫీసు పని చేసేటోళ్ళంత ఇదే తీస్కపోతున్నరు మేడం" అన్నాడు. నాలుగు ఇనుప కాళ్ళు, రంపపు పొట్టు నొక్కి చేసిన పలక, దాని మీద టేకు రంగు కాగితం. సంగారెడ్డిలో నేనుండే రెండో అంతస్తు పోర్షన్‌కు డబ్బాలో ముక్కలుగా వచ్చింది. బిగించి, గోడకు ఆనించి, ఉన్న ఒక్క కుర్చీ వేసుకుని ఇది రాయడానికి కూర్చున్నాను. ఒక పేజీ నిండకముందే కుడి భుజం పట్టేసింది.

నవ్వండి, ఫరవాలేదు. నా ఉద్యోగమే ఇలాంటి బల్లల్ని మనుషులకు సరిపోయేలా మార్చడం. దీపం కిందే చీకటి అని పెద్దలు ఊరికే అనలేదు. వీడ్కోలు సభలో మా జూనియర్ అమ్మాయి "మేడం, కొత్తగా వచ్చే మాకోసం నాలుగు మాటలు రాసిపెట్టండి" అని అడిగింది. అప్పుడు అందరూ అడుగుతారు. తర్వాత ఎవరూ అడగలేదు, అయినా రాస్తున్నాను.

మా పేరుకు నోరు తిరగదు

మమ్మల్ని ఆక్యుపేషనల్ థెరపిస్టులు అంటారు. మా నాన్నకు జోగిపేటలో ధాన్యం కొట్టు ఉండేది. గిరాకీ లేనప్పుడల్లా నన్ను కూర్చోబెట్టుకుని, "ఇంతకూ నువ్వు డాక్టరువా, నర్సువా, అదన్న చెప్పు బిడ్డా" అనేవాడు. ఎన్నిసార్లు చెప్పినా ఆయనకు అంతుపట్టలేదు. చివరికి అడిగినవాళ్ళకు "దవాఖానల పెద్ద నౌకరే" అని చెప్పి ఊరుకునేవాడు.

మీకైనా సూటిగా చెప్తాను. దెబ్బతిన్న చెయ్యిని ఫిజియోథెరపీ వాళ్ళు కదిలేలా చేస్తారు. కదిలిన ఆ చెయ్యితో మనిషి మళ్ళీ ఏ పని చేసుకుని బతకాలన్నది మా బాధ్యత. ఫ్యాక్టరీలు నిండిన ఈ ప్రాంతంలో నలిగిన చేతులకు కరువు లేదు. మా ఆసుపత్రిలో కార్మికులు నన్ను "చేతుల మేడం" అనేవాళ్ళు. ప్రభుత్వం ఇచ్చిన పేరుకన్నా అదే నయం.

ప్రమోషన్ల సంగతి రాయను. వచ్చినవి ఆలస్యంగా వచ్చాయి, వచ్చాక కూడా చెప్పుకోదగ్గ తేడా ఏమీ లేదు.

ముందు కుర్చీ, తర్వాత బల్ల

షాపులో దొరికే బల్లలన్నీ ఒకే ఎత్తు. మనుషులు అలా ఉండరు. చాలామంది బల్ల ఎత్తనిపించగానే కాళ్ళు కోయించేస్తారు. తొందరపడొద్దు. కోయడం ఎంతసేపు, అతకడమే కష్టం. ముందు కుర్చీని లేపి చూడండి. కాళ్ళు నేలకు అందకపోతే కింద ఒక పీట వేయండి. అప్పటికీ కుదరకపోతేనే రంపం మాట.

ఎత్తు దేన్నిబట్టి అంటే మోచేతిని బట్టి. మనిషి కూర్చుని, చెయ్యి వేలాడేసి, మోచెయ్యి మడిచినప్పుడు అది ఎక్కడుందో బల్ల అక్కడుండాలి. వినడానికి తేలికే. కానీ టేపు చూడగానే మనిషి బిగుసుకుపోతాడు, భుజాలు పైకి లేస్తాయి, కొలత తప్పుతుంది. అందుకే నేను మోచేతి కింద అరచెయ్యి పెట్టి, "ఊపిరి విడువు. భుజం నాకు ఇడిసిపెట్టు" అనేదాన్ని. చెయ్యి బరువు నా అరచేతిలోకి వచ్చినప్పుడే టేపు తీసేదాన్ని. ఈ కొలత ఇంకొకరే తీయాలి. ఎవరిది వాళ్ళు తీసుకోబోతే, వంగి టేపు చూసేసరికే భుజం కదిలిపోతుంది.

ఇంకో మాట. ఆసుపత్రిలో కూర్చుని కొలిస్తే ఆసుపత్రి కుర్చీ కొలత వస్తుంది, అంతే. రోగి ఇంటికి వెళ్ళాలి.

పెద్ద డాక్టరుగారు

ఇంటికి వెళ్తానంటే మా పెద్ద డాక్టరుగారికి ఒళ్ళు మండేది. చేతి ఆపరేషన్లలో ఆయనంతటివాడు లేడు. ఎక్స్‌రే చూసేముందు చెయ్యి చూడమని నాకు నేర్పింది ఆయనే. అది ఎంత చెప్పినా తక్కువ. కానీ ఆయన దృష్టిలో చెయ్యి మణికట్టు దగ్గర ఆగిపోయేది, దాని వెనక ఒక మనిషి, ఆ మనిషికో ఇల్లు ఉంటాయని గుర్తుండేది కాదు.

"ఇంటికి పోయి ఏం చూస్తవమ్మా? ఇంట్ల వేరే చెయ్యి ఉంటదా?" అనేవాడు. అంటూనే వెళ్ళనిచ్చేవాడు. కేకలు వేసే బాసు దొరికితే భయపడకండి, కేకలతో పాటు అనుమతి కూడా వస్తుందేమో చూడండి. నవ్వుతూ ఫైలు పక్కన పెట్టేవాళ్ళతోనే నేను ఎక్కువ పరేషానయ్యాను.

అలా తిరిగిన ఇళ్ళలో, సంగారెడ్డి పక్కనున్న కంది ఊళ్ళో ఒక గది గుర్తుంది. కంప్యూటర్ పని చేసే పిల్లవాడు ఒక్కడే కిరాయికి ఉండేవాడు. మెడ నొప్పి. కుర్చీ ఖరీదైనదే, బల్ల మాత్రం షాపు బల్ల, దాని మీద ల్యాప్‌టాప్ మరీ కిందికి ఉంది. "దీని కింద పెట్టడానికి ఏమన్న ఉందా?" అంటే ఆ గదిలో ఎత్తైన వస్తువే లేదు. కిందికి వెళ్ళి, కడుతున్న ఇంటి ముందు నుంచి రెండు ఇటుకలు అడుక్కొచ్చాడు. వేరుగా ఒక కీబోర్డు కొనుక్కోమన్నాను. అంతటితో వైద్యం అయిపోయింది.

నేను లేవబోతుంటే, "జెర సేపు కూసోండ్రి మేడం, చాయ్ పెడ్త" అన్నాడు. ఆ వారంలో తన గదిలోకి వచ్చిన మొదటి మనిషిని నేనే అని కూడా అన్నాడు. బస్సు పోతుందని చెప్పి వచ్చేశాను. బస్సెక్కి కూర్చున్నాక అనిపించింది, ఆ బస్సు కాకపోతే తర్వాత బస్సుకు వెళ్తే మాత్రం నన్ను అడిగేవాళ్ళెవరున్నారని. నేను పెళ్ళి చేసుకోలేదు, దాని వెనక పెద్ద కథేమీ లేదు. చాయ్ తాగి రావలసింది.

మల్లేశం బల్ల

గుమ్మడిదల దగ్గరి పల్లె మనిషి మల్లేశం. కొద్దిగా పొలం ఉంది, దాంతో పాటు మందుల ఫ్యాక్టరీలో పని. నిండు డ్రమ్ము దొర్లి కుడి చేతి మీద పడింది. రెండు వేళ్ళు పోయాయి, మణికట్టు తిరగదు. మూటలు, డ్రమ్ముల పని ఇక కుదరదు. అప్పుడు ఫ్యాక్టరీ వాళ్ళు ఒక దారి చూపించారు. గేటు దగ్గర లారీలకు ఇచ్చే చీటీల సంచి రోజూ ఇంటికి పంపిస్తారు, అతను వాటిని కంప్యూటర్‌లో ఎక్కించి సాయంత్రానికి పంపాలి. మూడు నెలలు చూస్తాం, టైముకు రాకపోతే ఇంకొకరిని పెట్టుకుంటాం అన్నారు. మల్లేశానికి కంప్యూటర్ కొత్త. ఎడమ చెయ్యి వాటమూ కొత్తే. ఆ పని పోతే ఇంకో నౌకరి ఇచ్చేవాళ్ళు లేరని అతనికీ తెలుసు, నాకూ తెలుసు.

అప్పటికే వాళ్ళు పటాన్‌చెరు నుంచి ఒక బల్ల తెచ్చుకున్నారు, ఇప్పుడు నా దగ్గరున్నదాని లాంటిదే. నాతో వచ్చే వడ్రంగి నర్సింలును తీసుకుని వెళ్ళాను. కుర్చీ లేపాం, కాళ్ళ కింద పీట వేశాం. పలక ముందంచును నెలవంకలా లోపలికి కోశాం, మల్లేశం దగ్గరికి జరిగి కూర్చుంటే రెండు ముంజేతులూ బల్ల మీదే ఆనుతాయి. కోసిన అంచు నీళ్ళు తాగి ఉబ్బకుండా నర్సింలు దానికి రబ్బరు పట్టీ చుట్టాడు. చీటీలు నిలబెట్టడానికి ఏటవాలు పలక పెట్టాం. సంచి కోసం వంగకుండా కుడి పక్కన, బల్ల కింద నేలదాకా అరలు బిగించాం. మల్లేశం భార్య స్వరూప మేము పనిచేసినంతసేపూ గడపలో నిలబడి చూసింది. ఏదో అనబోయి, చాయ్ పెట్టడానికి లోపలికి వెళ్ళింది.

నేను తీసిన ఫోటో పెద్ద డాక్టరుగారికి కూడా నచ్చింది. మీటింగులో చూపించాడు.

కొన్ని వారాలకు మల్లేశం చూపించుకోవడానికి వచ్చాడు. భుజం బిగుసుకుపోయింది, చెయ్యి వాచింది. చీటీలు ఆలస్యమవుతున్నాయని సూపర్‌వైజర్ ఫోన్ చేసి గట్టిగానే అన్నాడట. బల్ల దగ్గరే కూర్చుంటున్నావా అంటే "ఆఁ మేడం" అని నేల చూశాడు. డాక్టరుగారు విసుక్కున్నాడు. "చెప్పింది చెయ్యడు. గంత మంచి బల్ల చేసిపెట్టినం. ఇగ మనమేం చేస్తం? కేసు మూసెయ్."

మూసేయలేదు. ఎవరికీ చెప్పకుండా ఒక మధ్యాహ్నం వెళ్ళాను.

బల్ల మీద బట్టలు

మేము చేసిన బల్ల మీద ఉతికిన బట్టలు మడతపెట్టి ఉన్నాయి. మల్లేశం ముందు గదిలో మంచం మీద మఠం వేసుకుని కూర్చున్నాడు. ఎదురుగా దిండు, దిండు మీద ల్యాప్‌టాప్. పక్కనే స్వరూప ఒళ్ళో చీటీలు పెట్టుకుని ఒక్కొక్కటే విడదీసి చదువుతోంది. బండి నంబరు, సరుకు పేరు, తూకం. అతను ఎడమ చేత్తో కొడుతున్నాడు. నన్ను చూసి ఇద్దరూ లేవబోయారు.

"బల్ల బాగలేదా మల్లేశం?" అన్నాను.

"బల్లకేమైంది మేడం, మస్తుంది. మా వాడోళ్ళంత వచ్చి సూసిపోయిన్రు."

"మరి ఈడ ఎందుకు కూసున్నవ్?"

అతను భార్య వైపు చూశాడు. స్వరూపే చెప్పింది.

"ఆడ నేనేడ కూసోవాలె మేడం?"

చీటీలు పల్చటి కాగితాలు, ఒకదానికొకటి అంటుకుని ఉంటాయి. మల్లేశం కుడి చేతికి అవి విడవవు. ఎడమ చేత్తో విడదీస్తే కంప్యూటర్ ఆగిపోతుంది, కంప్యూటర్ కొడితే చీటీ తిరగదు. అందుకని మొదటి రోజు నుంచీ స్వరూప తిప్పి చదివేది, అతను కొట్టేవాడు. బల్ల దగ్గర ఆమె నిలబడి చదివింది. పొద్దున్నే పొలం పోయి వచ్చిన మనిషి ఎంతసేపు నిలబడుతుంది? స్టూలు వేసుకుంటే కుడి పక్క మేము బిగించిన అరలు మోకాళ్ళకు తగిలాయి. ఎడమ పక్కన గోడ. చివరికి ఇద్దరూ మంచం ఎక్కారు.

"ముందే చెప్పొచ్చు గద" అన్నాను. నా గొంతులో కోపం నాకే వినిపించింది.

"పని నాకిచ్చిన్రు మేడం" అన్నాడు మల్లేశం. "ఇద్దరం చేస్తున్నమని తెలిస్తే, నీతోని కాదు పొమ్మంటరేమో అని భయం."

"మీరు గంత కష్టపడి చేసిన్రు. బాగలేదని ఏ మొకంతోని చెప్పాలె?" అంది స్వరూప.

ఆ మంచం అంచున కూర్చుండిపోయాను. మోచెయ్యి కొలిచాను, మోకాలు కొలిచాను, చెయ్యి ఎంతదూరం చాస్తాడో కొలిచాను. ఆ పని ఇద్దరు మనుషులు చేస్తున్నారన్న సంగతి నా బుర్రకు తట్టలేదు. ఒక మనిషి, ఒక బల్ల, ఒక కుర్చీ. నా ఇంట్లో అన్నీ అలాగే ఉంటాయి కాబట్టి నాకందులో లోటేమీ కనిపించలేదు. పిల్లాపాపలున్న ఇంకో థెరపిస్టు అయితే గడపలో నిలబడ్డ స్వరూపను చూసి, "నువ్వేడ కూసుంటవమ్మా" అని మొదటి రోజే అడిగేదేమో.

నర్సింలుకు ఫోన్ చేస్తే మర్నాడే వచ్చాడు, సణుగుతూ. "పొట్టు పలక మేడం ఇది. ఒకసారి మర తీస్తే అదే బెజ్జంల మల్ల పట్టదు. ముందుగాల అనుకోవాలె." అరలు ఊడదీసి, పలక అడుగున గట్టి చెక్క పట్టీ వేసి బోల్టులు బిగించాడు. కుడి పక్కన చీటీల కోసం బందులతో మడిచే చిన్న పలక కట్టాడు. దాని కింద మోకాళ్ళకు చోటు. ఆ పలక ఎత్తు కోసం స్వరూప మోచెయ్యి కొలవాలన్నాను.

"నాకెందుకు మేడం, నాకేమైంది?" అని నవ్వింది.

"ఊపిరి విడువు. భుజం నాకు ఇడిసిపెట్టు."

చక్కిలిగిలి పెట్టినట్టు నవ్వు ఆపుకోలేకపోయింది. అది చూసి మల్లేశం కూడా నవ్వాడు. దెబ్బ తగిలాక అతను నవ్వడం నేను చూసింది అప్పుడే. ఆమె మోచెయ్యి అతనికన్నా కిందికి ఉంది, పక్క పలక కూడా అంత కిందికే కట్టాం.

చీటీలు టైముకు పోవడం మొదలైంది. వాపు తగ్గింది. మూడు నెలలు నిండేముందు సూపర్‌వైజర్ ఇల్లు చూడ్డానికి వస్తానన్నాడు. స్టూలు దాచేయమని చెప్దామని కూడా అనుకున్నాను. మల్లేశం దాచలేదు. "ఇద్దరం చేస్తం సార్. ఆమె సదువుతది, నేను కొడ్త" అని మొహం మీదే చెప్పాడు. ఆయన కాసేపు ఇద్దరి పనీ చూసి, తప్పులు లేకుంటే చాలన్నాడు. ఉద్యోగం నిలిచింది. ఇప్పటికీ చేస్తున్నాడు.

సంగతంతా పెద్ద డాక్టరుగారికి చెప్పాను. తిడతాడనుకున్నాను. కళ్ళద్దాలు తుడుచుకుని, "ఇగ నుంచి రెండోసారి గూడ పోయి రా" అన్నాడు.

పిల్లలూ, మీరూ వెళ్ళండి. చెప్పకుండా వెళ్ళండి, పని నడిచే వేళకు వెళ్ళండి. మీరు చేసిన బల్ల మీద మడతపెట్టిన బట్టలు కనిపిస్తే రోగి మొండివాడని రాసేయకండి. ఆ పని నిజంగా ఎక్కడ, ఎవరెవరు కూర్చుని చేస్తున్నారో వెతకండి.

నా మోచెయ్యి

ఇక నా బల్ల. ఒకటి ఒప్పుకోవాలి, ఈ ఉద్యోగం నన్ను ఇన్నేళ్ళూ ఇంటింటికీ తిప్పింది. వెళ్ళిన ప్రతి ఇంట్లోనూ కాసేపు నేనే ముఖ్యమైన మనిషిని. పీట వేసేవాళ్ళు, చాయ్ ఇచ్చేవాళ్ళు, పిల్లల చదువులు చెప్పేవాళ్ళు. అదంతా నా సొంతమన్నట్టే తిరిగాను. సన్మానం శాలువా కప్పుకుని ఇంటికొచ్చిన మర్నాటి నుంచి తెలిసింది, అవన్నీ వాళ్ళ ఇళ్ళని. ఒక్కోసారి సాయంత్రం దాకా నా గొంతు నేనే వినను. పాలవాడికి "రేపు వద్దు" అన్న మాటే ఆ రోజుకు నేను మాట్లాడిన మాట.

బల్ల ఎత్తు సరిచేసుకోవాలంటే మోచేతి కొలత కావాలి. గోడకు టేపు అంటించి పక్కన కూర్చుని చూశాను. చూసిన ప్రతిసారీ ఒక్కో లెక్క వచ్చింది. రాదని నాకు తెలియదా? జూనియర్ అమ్మాయికి ఫోన్ చేద్దామనుకున్నాను. ఏమని చేయను, నా మోచెయ్యి పట్టుకోవడానికి మనిషి లేడు, రామ్మా అనా? ఫోన్ పక్కన పెట్టేశాను.

భూమి కాగితాల పని మీద సంగారెడ్డి వచ్చిన మల్లేశం, స్వరూప ఒక పూట నా తలుపు తట్టారు. చేను గట్టు మీది చిక్కుడుకాయలు సంచిలో తెచ్చారు. నేను సంబరంగా ఏదేదో మాట్లాడేస్తున్నాను. ఇద్దరూ నిలబడే ఉన్నారు. స్వరూప గది అంతా ఒకసారి చూసి, పాత మాట గుర్తొచ్చిందో ఏమో, నవ్వుతూ అంది.

"మేమేడ కూసోవాలె మేడం?"

ఉన్నది ఒకటే కుర్చీ, బల్ల ముందున్నది. ఇద్దర్నీ మంచం మీద కూర్చోబెట్టి చాయ్ పెట్టాను. మల్లేశం చాయ్ తాగుతూ బల్లను పైకీ కిందికీ చూశాడు. నేను మాట్లాడుతూనే భుజం నొక్కుకోవడం కూడా చూశాడు.

"మీది కొలవలేదా మేడం?"

"ఎవరు కొలుస్తరు?"

"టేపియ్యిండ్రి."

కుర్చీలో కూర్చున్నాను. అతను పక్కన గొంతుక్కూర్చుని తన కుడి చెయ్యి, మూడు వేళ్ళు మిగిలిన ఆ చెయ్యి, నా మోచేతి కింద పెట్టాడు. స్వరూప టేపు కొస నేల మీద కాలితో తొక్కిపట్టి, టేపును నా మోచేతి దాకా లాగి పట్టుకుంది.

"ఊపిరి విడువుండ్రి మేడం. భుజం నాకు ఇడిసిపెట్టుండ్రి."

వదలలేకపోయాను. ఈ మాట ఎందరితోనో అన్నాను, ఇది ఇంత కష్టమని తెలియదు. మల్లేశం తొందరపెట్టలేదు, చెయ్యి తీయలేదు. నన్ను ఒక మనిషి పట్టుకుని ఎంత కాలమైందో అప్పుడు తెలిసింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. స్వరూప చూసి కూడా చూడనట్టు టేపు వైపు తల వంచుకుంది. కాసేపటికి నా చెయ్యి దాని బరువుతో అతని అరచేతిలోకి దిగింది.

"ఆఁ, గిట్ల" అన్నాడు మల్లేశం. స్వరూప అంకె చదివింది.

ఆ కొలతకే నర్సింలు వచ్చి కుర్చీ లేపాడు, కాళ్ళ కింద పీట చేసిచ్చాడు. బల్లను గోడ నుంచి జరిపి కుడి పక్కన మడత పలక కూడా కట్టమన్నాను. "మీ తాన ఎవరు కూసుంటరు మేడం?" అని అడిగాడు. కట్టు అన్నాను, కట్టాడు. ఇంకో కుర్చీ కొన్నాను.

ఇప్పుడు భుజం నొప్పి లేదు. ఇదంతా ఆ బల్ల మీదే రాశాను. రాసినన్నాళ్ళూ పక్క కుర్చీలో ఎవరూ కూర్చోలేదు. ఉతికిన బట్టలు మాత్రం మంచం మీదే మడతపెట్టుకుంటున్నాను, ఆ కుర్చీ మీద పెట్టడం లేదు.